డయలప్ నుంచి గిగాబిట్ దాకా: మన నెట్ స్పీడ్ అసలు ఎక్కడ ఆగుతోంది?

94.

మూడు రోజుల పాటు స్పీడ్ టెస్ట్‌లో నాకు కనిపించిన నంబర్ ఇదే. ప్లాన్ 200 ఎంబీపీఎస్, వచ్చేది 94. పొద్దున చూసినా 94, అర్ధరాత్రి చూసినా 94. ఒక్కసారైనా 95 వస్తుందేమో అని చూశాను, రాలేదు.

మాది మద్దికెర. ఆదోని, ఎమ్మిగనూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్పాలంటే, కర్నూలు జిల్లా పడమటి వైపు, గుంతకల్లుకి దగ్గర్లో ఉంటుంది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. దసరాకి ఇంటికొచ్చాను. పండగ అయ్యాక అమ్మకి మోకాలి ఆపరేషన్ ఉంది, తర్వాత కనీసం మూడు నెలలు ఇంట్లో ఒకరు ఉండాలి. మేనేజర్‌ని అడిగితే "రెండు వారాలు ట్రయల్ చూద్దాం. కాల్స్ కట్ కాకపోతే మూడు నెలలూ అక్కడి నుంచే చెయ్" అన్నాడు. మొదటి రోజే స్టాండప్ కాల్‌లో నా మొహం రెండుసార్లు ఫ్రీజ్ అయింది. అంటే నేను అమ్మ దగ్గర ఉండాలా, బెంగళూరు బస్సెక్కాలా అనేది ఒక వైర్ చేతిలో ఉందన్నమాట.

ఆ టెన్షన్‌లో రూటర్ ముందు కూర్చుని తిట్టుకుంటుంటే మా చిన్నాయన నవ్వి, అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించాడు. లోపల బూడిద రంగు డబ్బా, ముందు వరుసగా చిన్న చిన్న లైట్లు. 56కే ఎక్స్‌టర్నల్ మోడెమ్!

"దీనితోనే రా నేను గుంతకల్లులో నెట్ సెంటర్ నడిపిండేది. నీకు 94 చాలదా?"

ఆయన ప్రశ్నకి సరైన జవాబు వెతుకుతూ పోతే నా 94 సంగతి కూడా తేలింది. ఆ వివరమే ఈ ఆర్టికల్.

ముందు ఒక చిన్న లెక్క

స్పీడ్‌ని బిట్స్‌లో చెప్తారు, ఫైల్ సైజ్‌ని బైట్స్‌లో చెప్తారు. 8 బిట్స్ కలిస్తే 1 బైట్. కాబట్టి 56 కేబీపీఎస్ అంటే సెకనుకి 7 కేబీ. అది కూడా పెట్టె మీద రాసిన లెక్క. నిజంగా కనెక్ట్ అయ్యేది 40 నుంచి 50 కేబీపీఎస్ మధ్యలో, అంటే సెకనుకి 5 కేబీ చిల్లర. అదే 200 ఎంబీపీఎస్ అయితే సెకనుకి 25 ఎంబీ. 50 కేబీపీఎస్‌తో పోలిస్తే నాలుగు వేల రెట్లు. ఇక 1 జీబీపీఎస్‌ని 56 కేబీపీఎస్‌తో పోలిస్తే దాదాపు 18 వేల రెట్లు.

అంకెలు వింటే తల తిరుగుతుంది కానీ అర్థం కాదు కదా? ఇలా చూడండి. సెకనుకి 5 కేబీ లెక్కన:

• 4 ఎంబీ పాట: 13 నిమిషాలు
• నా ఆఫీస్ పని కోసం దించుకోవాల్సిన 800 ఎంబీ డాకర్ ఇమేజ్: 44 గంటలు
• దసరా రోజు మా ఊరి గుర్రాల పరుగుని నేను ఫోన్‌లో తీసిన 1.2 జీబీ వీడియో: డౌన్‌లోడ్‌కే దాదాపు 67 గంటలు. అప్‌లోడ్ అయితే ఇంకా ఎక్కువ, ఎందుకో కింద చెప్తాను.

ఇంకో సరదా లెక్క. ఒక 700 ఎంబీ సీడీ జేబులో పెట్టుకుని మద్దికెర నుంచి గుంతకల్లుకి బస్సెక్కారు అనుకుందాం. అరగంట ప్రయాణం అనుకుంటే, ఆ బస్సు డేటాని సెకనుకి 3.1 ఎంబీపీఎస్ స్పీడ్‌తో మోస్తున్నట్టు లెక్క. అంటే పల్లెవెలుగు బస్సు 56కే మోడెమ్ కంటే 55 రెట్లు ఫాస్ట్! అప్పట్లో సినిమాలు, సాఫ్ట్‌వేర్లు నెట్‌లో కాకుండా సీడీల్లో ఎందుకు తిరిగాయో ఇప్పుడు అర్థమైందా?

ఆ కూత ఏంటి?

డయలప్ అంటే మీలో చాలామందికి యూట్యూబ్‌లో విన్న ఆ కీచు శబ్దమే గుర్తొస్తుంది. నేనూ దాన్ని మామూలుగా వినలేదు, నాకు ఊహ తెలిసేసరికే బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది. చిన్నాయనకి మాత్రం అది పాట లాంటిది. నోటితో చేసి చూపించాడు కూడా.

ఆ శబ్దంలో ప్రతి ముక్కకీ ఒక పని ఉంది. మొదట డయల్ టోన్, తర్వాత నంబర్ నొక్కిన చప్పుడు. అవతలి మోడెమ్ ఎత్తగానే 2100 హెర్ట్జ్ టోన్ ఒకటి పంపుతుంది. ఫోన్ లైన్‌లో మన గొంతు మనకే తిరిగి వినపడకుండా ఆపే పరికరాలు ఉంటాయి. మాటలకి అవి మంచివే, డేటాకి మాత్రం అడ్డం. "కాసేపు మీరు పక్కకి జరగండి" అని వాటికి చెప్పేదే ఈ టోన్. తర్వాత రెండు మోడెమ్‌లు రకరకాల స్వరాలు పంపుకుని లైన్ ఎంత శుభ్రంగా ఉందో కొలుస్తాయి. చివర్లో వచ్చే బుస్సుమనే శబ్దం ఆఖరి సర్దుబాటు. అది అయ్యాక స్పీకర్ ఆగిపోయి స్క్రీన్ మీద "కనెక్ట్ 45333" లాంటి లైన్ పడుతుంది. ఈ రోజు నీకు దొరికిన స్పీడ్ ఇదీ అని మోడెమ్ స్వయంగా చెప్పేదన్నమాట.

స్పీకర్‌ని మ్యూట్ చేసే కమాండ్ కూడా ఉంది. చిన్నాయన ఎప్పుడూ వాడలేదట. "కూత ఇంటేనే తెలుస్తాండె. గరగర వచ్చిందంటే కట్ చేసి మళ్లా కొడతాంటి. లేకుంటే గంటకి ముప్పై రూపాయలిచ్చినోడు నా మీద ఎగురుతాడు కదా!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా 94 దగ్గర మళ్లీ అవసరం పడుతుంది.

56 దగ్గరే ఎందుకు ఆగింది?

తొలి మోడెమ్‌లు సెకనుకి 110, 300 బిట్స్ లాంటి స్పీడ్‌లతో మొదలయ్యాయి. 1984లో 9.6 కేబీపీఎస్, 1991లో 14.4, 1994లో 28.8, 1996లో 33.6, 1998లో 56 కేబీపీఎస్‌కి స్టాండర్డ్‌లు వచ్చాయి. అక్కడితో బండి ఆగిపోయింది. కంపెనీలకి తెలివి అయిపోయిందా? కాదు.

టెలిఫోన్ నెట్‌వర్క్ కట్టింది మనిషి మాట కోసం. మాట అర్థం కావడానికి 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దం చాలు. అందుకే ఎక్స్చేంజ్ ఆ మేరకే తీసుకుని మిగతాది కత్తిరించేస్తుంది. అంటే మోడెమ్‌కి దొరికిన దారి వెడల్పు 3100 హెర్ట్జ్ మాత్రమే.

ఇంత వెడల్పు దారిలో గరిష్ఠంగా ఎంత డేటా పడుతుందో 1948లోనే క్లాడ్ షానన్ ఫార్ములా ఇచ్చాడు. దారి వెడల్పు, లైన్‌లోని గోలకి సిగ్నల్ ఎన్ని రెట్లు బలంగా ఉంది అనే రెండు అంకెలు తెలిస్తే చాలు. మంచి ఫోన్ లైన్‌లో సిగ్నల్ మూడు వేల రెట్లు బలంగా ఉందనుకుంటే జవాబు దాదాపు 36 కేబీపీఎస్. 33.6 మోడెమ్ అప్పటికే ఆ గోడకి తల ఆనించేసింది.

మరి 56 ఎలా వచ్చింది? ఇక్కడే ఇంజినీర్ల తెలివి కనిపిస్తుంది. అప్పటికి ఎక్స్చేంజ్‌లు డిజిటల్ అయ్యాయి. అవి మన గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతనీ 8 బిట్స్‌లో రాస్తాయి. మొత్తం 64 కేబీపీఎస్. ఇంటర్నెట్ కంపెనీ తన వైపు కనెక్షన్‌ని నేరుగా డిజిటల్‌గా పెట్టుకుంటే, అటు నుంచి వచ్చే డేటాని శబ్దంగా మార్చి మళ్లీ కొలవాల్సిన పని తప్పుతుంది. ఆ కొలతలో కలిసే గోల కూడా తప్పుతుంది. 8 బిట్స్‌లో నమ్మకంగా వాడగలిగినవి 7. ఏడు ఎనిమిది వేలు 56 వేలు. అదీ 56కే కథ.

కానీ ఇంటి నుంచి పైకి పోయే డేటా మాత్రం శబ్దంగానే వెళ్లాలి, ఎక్స్చేంజ్‌లో దాన్ని కొలవాలి. అందుకే అప్‌లోడ్ 33.6 దగ్గరే ఉండిపోయింది. 2000లో వచ్చిన తర్వాతి స్టాండర్డ్ దాన్ని 48 దాకా లాగింది, అంతే. 33.6 లెక్కన నా గుర్రాల వీడియో అప్‌లోడ్‌కి 79 గంటలు. మూడు రోజుల ఏడు గంటలు, మధ్యలో ఒక్కసారి కూడా లైన్ కట్ కాకుండా!

అదే తీగ, వేరే స్పీడ్

ఇంతవరకు చదివితే "రాగి తీగ చెత్తది, అందుకే స్లో" అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కాదని చెప్పే సాక్ష్యం మన దేశంలోనే ఉంది.

• 1995 ఆగస్టు 15: వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. డయలప్ 9.6 కేబీపీఎస్.
• 1998 నవంబర్: ప్రైవేట్ కంపెనీలకి దారి తెరిచారు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే అప్పుడే డయలప్‌లోకి దిగింది.
• 2004: బ్రాడ్‌బ్యాండ్ పాలసీ. 256 కేబీపీఎస్ ఉంటే చాలు, బ్రాడ్‌బ్యాండ్ అన్నారు.
• 2005 జనవరి: బీఎస్ఎన్ఎల్ ఏడీఎస్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలు.
• 2017 డిసెంబర్ 27: ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభం. నెలకి 149 రూపాయల ప్లాన్‌లో 15 ఎంబీపీఎస్.
• 2023: బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని కేంద్రం నిర్వచనం మార్చింది.

ఇందులో 2005 లైన్ చూడండి. ఏడీఎస్ఎల్ వచ్చింది కొత్త తీగ మీద కాదు, అదే ఫోన్ తీగ మీద. ఎక్స్చేంజ్‌లో ఆ 3400 హెర్ట్జ్ కత్తెర పడక ముందే డేటాని పక్కకి తీసే మెషిన్ పెట్టారు. దాంతో మాట కింద 4 వేల హెర్ట్జ్‌లో, డేటా పైన 11 లక్షల హెర్ట్జ్ దాకా వాడుకునే వీలు కలిగింది. తర్వాత వచ్చిన ఏడీఎస్ఎల్2 ప్లస్ అదే తీగ మీద, ఎక్స్చేంజ్ దగ్గర్లో ఉన్న ఇళ్లకి 24 ఎంబీపీఎస్ దాకా ఇవ్వగలిగింది. అంటే ఇన్నాళ్లూ స్పీడ్‌ని ఆపింది తీగ కాదు, తీగ చివర ఉన్న కత్తెర.

ఆదోని, ఎమ్మిగనూరు రైతులకి ఇది వెంటనే అర్థమవుతుంది. తుంగభద్ర దిగువ కాలువ ఎంత నిండుగా పారనీ, చేనుకి వచ్చేది తూము ఎంత ఉంటే అంతే. నెట్ కూడా అంతే. దారి మొత్తంలో అన్నిటికంటే సన్నటి తూము ఎక్కడుందో అదే మీ స్పీడ్. డయలప్ కాలంలో ఆ తూము ఎక్స్చేంజ్‌లో ఉండేది. మరి ఇప్పుడు?

ఇప్పుడు కాలువ ఎంత పెద్దది?

మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ చాలావరకు భూమి తవ్వకుండా, ఉన్న కరెంట్ స్తంభాల మీదే ఫైబర్ లాగింది. మా వీధిలో కూడా స్తంభాల మీద నల్లటి ఫైబర్ కేబుళ్లు కనిపిస్తాయి. మా ఇంటికి కనెక్షన్ ఇచ్చింది వేరే లోకల్ ఆపరేటర్, టెక్నాలజీ మాత్రం ఎక్కువ చోట్ల ఉండేదే: జీపాన్.

ఇందులో ఒకే ఫైబర్ మీద రెండు రంగుల కాంతి నడుస్తుంది. కిందికి 1490 నానోమీటర్లు, పైకి 1310 నానోమీటర్లు. రెండూ మన కంటికి కనపడవు. కిందికి మొత్తం 2.488 జీబీపీఎస్, పైకి 1.244 జీబీపీఎస్. దీన్ని కరెంట్ అక్కర్లేని ఒక చిన్న స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లు ఒకేసారి పూర్తిగా లాగితే ఒక్కొక్కరికీ దాదాపు 78 ఎంబీపీఎస్. ప్లాన్‌లో "దాకా" అనే మాట అందుకే ఉంటుంది. కానీ అందరూ ఒకే సెకన్‌లో లాగడం చాలా అరుదు, కాబట్టి మామూలుగా 200 వచ్చేస్తుంది.

నాకు ముందు వచ్చిన అనుమానం కూడా అదే. వీధిలో అందరూ దసరా సీరియల్స్ చూస్తున్నారేమో అని. కానీ పంచుకోవడం వల్ల తగ్గితే నంబర్ ఊగాలి. సాయంత్రం 60, తెల్లవారి 190 అలా. నాది రాత్రీ పగలూ 94. కదలని నంబర్ అంటే ఎక్కడో ఒక గట్టి గోడ తగులుతోందని అర్థం.

94 గుట్టు

ఆ గోడ పేరు 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్. ఇది 1995 నాటి స్టాండర్డ్. ఒక్కో ప్యాకెట్ వైర్ మీద 1538 బైట్ల చోటు తీసుకుంటే, అందులో మన అసలు డేటా 1448 బైట్లు. మిగతాది అడ్రస్‌లు, చెకింగ్, ఖాళీ జాగా. 1448ని 1538తో భాగించండి: 0.941. వంద ఎంబీపీఎస్ లింక్ మీద ఎంత కొట్టుకున్నా వచ్చేది 94. ఇక ఎక్కడైనా స్పీడ్ టెస్ట్‌లో 94 స్థిరంగా కనిపిస్తే ప్రొవైడర్‌కి ఫోన్ చేసే ముందు మీ ఇంట్లో వైర్ చూసుకోండి.

నా లాప్‌టాప్‌కి గిగాబిట్ పోర్ట్ ఉంది, రూటర్‌కీ ఉంది. లైనక్స్‌లో ఈథ్‌టూల్ కమాండ్ కొట్టి చూస్తే లింక్ స్పీడ్ 100 అని ఉంది. మరి మధ్యలో ఏమైంది?

నెట్‌వర్క్ కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి: ఆరెంజ్, ఆకుపచ్చ, నీలం, గోధుమ. 100 ఎంబీపీఎస్‌కి ఆరెంజ్, ఆకుపచ్చ జతలు చాలు. 1999లో వచ్చిన గిగాబిట్ స్టాండర్డ్‌కి నాలుగూ కావాలి. ఒక్క జత దెబ్బతిన్నా చాలా పరికరాలు గిగాబిట్ వదిలేసి చప్పుడు లేకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు. నెట్ పనిచేస్తూనే ఉంటుంది.

హాల్ నుంచి మేడ గదికి కేబుల్ లాగింది నేనే. కిటికీ సందులోంచి తీశాను. కిటికీ రెక్క వేసినప్పుడల్లా దాని మీద నొక్కుకుని గోధుమ జతలో ఒక తీగ తెగింది. తప్పు ఎవరిదో కాదు, నాదే. ఆ ముక్క కోసేసి, కొత్త కనెక్టర్ క్రింప్ చేసి, గోడలో చిన్న రంధ్రం పెట్టి లాగాను. లింక్ 1000. స్పీడ్ టెస్ట్ 197.

ఇక్కడే చిన్నాయన మాట గుర్తొచ్చింది. పాత మోడెమ్ ప్రతిసారీ కూత పెట్టి, ఎంతకి కుదిరిందో నంబర్ చూపించి మరీ పని మొదలుపెట్టేది. ఇప్పటి పరికరాలు దానికంటే వేల రెట్లు ఫాస్ట్, కానీ ఎంతకి దిగిపోయాయో అడిగితే తప్ప చెప్పవు. పదో వంతుకి పడిపోయినా మనకి తెలియదు.

94 పోయింది, ఫ్రీజ్ పోలేదు

ఇప్పుడు నిజం మాట్లాడుకుందాం. వీడియో కాల్‌కి 94 కూడా చాలా ఎక్కువే, నాలుగైదు ఎంబీపీఎస్ చాలు. కాబట్టి 197 వచ్చాక కూడా మర్నాడు కాల్ మళ్లీ ఫ్రీజ్ అయింది. ఇది ఇంకో తూము.

చూస్తే నా ప్లాన్‌లో అప్‌లోడ్ 20 మాత్రమే. కనెక్షన్ తీసుకునేటప్పుడు పెద్ద నంబర్ చూసి సంతోషపడి ఇది చూడలేదు. పండగకి ఇంటికొచ్చిన వాళ్లందరి ఫోన్లూ గుర్రాల పరుగు వీడియోల్ని క్లౌడ్‌కి బ్యాకప్ చేస్తున్నాయి. ఆ 20 నిండిపోయి, నా మాట, నా బొమ్మ రూటర్‌లో క్యూ కట్టి నిలబడ్డాయి. మామూలప్పుడు 12 మిల్లీసెకన్లు ఉన్న పింగ్ బ్యాకప్ నడుస్తున్నప్పుడు 400 దాటింది.

స్పీడ్ వేరు, ఆలస్యం వేరు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మద్దికెర నుంచి హైదరాబాద్‌కి కేబుల్ దారి 400 కిలోమీటర్లు అనుకున్నా ఒక వైపుకి 2 మిల్లీసెకన్లే. మిగతా ఆలస్యం అంతా మధ్యలో పెట్టెల్లో, క్యూల్లో. డయలప్‌లో అయితే 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి మోడెమ్ దాటడానికే 45 కేబీపీఎస్ దగ్గర 267 మిల్లీసెకన్లు. 200 ఎంబీపీఎస్‌లో అదే ప్యాకెట్‌కి 0.06 మిల్లీసెకన్లు.

చిన్నాయనకి చెప్తే "మా కాలంలో ఇంట్లో ఇంకొకరు ఫోన్ ఎత్తితే నెట్ కట్ అవుతాండె. ఇప్పుడు ఇంకొకరు ఫోటో తీస్తే కట్ అవుతాంది. తేడా ఏముంది రా?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ టెక్నికల్‌గా ఆయన కరెక్ట్. రూటర్ సెట్టింగ్స్‌లో మొత్తం అప్‌లోడ్‌ని 18కి కట్టేసి, నా లాప్‌టాప్‌కి ప్రయారిటీ ఇచ్చాను. బ్యాకప్‌లు రాత్రికి మార్చాను. ఫ్రీజ్ ఆగింది.

పాత ఫోన్ లైన్ ఒక్క విషయంలో గెలిచింది

కరెంట్. ల్యాండ్‌లైన్ ఫోన్‌కి కావాల్సిన 48 వోల్ట్‌ల కరెంట్ ఎక్స్చేంజ్ బ్యాటరీల నుంచి ఆ తీగలోనే వచ్చేది. ఊర్లో కరెంట్ పోయినా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది కాంతి మాత్రమే, దానితో ఏ పెట్టే వెలగదు. కరెంట్ పోతే ఫైబర్ బాక్స్, రూటర్ రెండూ ఆగిపోతాయి, మళ్లీ లేచి కనెక్ట్ అవ్వడానికి రెండు మూడు నిమిషాలు. కాల్ మధ్యలో అది చాలా పెద్ద టైమ్. రెండిటికీ కలిపి ఒక 12 వోల్ట్‌ల మినీ యూపీఎస్ కొన్నాను. మీరు కొనేముందు మీ అడాప్టర్ల మీద రాసిన వోల్ట్‌లు, యాంపియర్లు చూసి, రెండు పెట్టెలకి కలిపి సరిపోయేది తీసుకోండి. నా రెండు వారాల ట్రయల్‌కి 200 ఎంబీపీఎస్ కంటే ఎక్కువ పనికొచ్చింది ఈ చిన్న డబ్బానే.

ఒక రాత్రి 45 కేబీపీఎస్‌లో

ఇంత రాశాక చిన్నాయన కాలం ఎలా ఉండేదో చూడాలనిపించింది. లైనక్స్‌లో టీసీ అనే కమాండ్‌తో నా స్పీడ్‌ని 45 కేబీపీఎస్‌కి కట్టేసి, 150 మిల్లీసెకన్ల ఆలస్యం కలిపాను.

వాట్సాప్ మెసేజ్ రెండు సెకన్లలో పోయింది. నేను రాసిన పది లైన్ల కోడ్ గిట్‌లోకి హాయిగా ఎక్కింది. ఒక న్యూస్ సైట్ హోమ్ పేజీ 2.4 ఎంబీ ఉంది, పూర్తిగా రావడానికి ఏడు నిమిషాలు దాటింది. అందులో నేను చదివిన వార్త పట్టుమని 4 కేబీ ఉండదు. వీడియో కాల్ రింగ్ అయింది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయింది.

చిన్నాయన పక్కనే కూర్చుని చూస్తూ ఇంటర్ రిజల్ట్స్ రోజు గురించి చెప్పాడు. సెంటర్ బయట నలభై మంది పిల్లలు. ఒకటే మోడెమ్, ఒకటే లైన్. బ్రౌజర్‌లో బొమ్మలు రాకుండా సెట్టింగ్ ఆఫ్ చేసి పెట్టేవాడట, ప్రతి కేబీ మిగిలితే ఇంకో పిల్లోడి టైమ్ కలిసొస్తుందని. ఒక అమ్మాయిది పేరు, హాల్ టికెట్ నంబర్ వచ్చాయి, మార్కులు రావాల్సిన చోట తెల్లగా ఉండగా లైన్ కట్. మళ్లీ కలవడానికి నలభై నిమిషాలు. "ఆ పాప ఆ తెల్ల స్క్రీన్‌నే చూస్తా నిలబడింది. ఏడవనూ లేదు, కదలనూ లేదు. పాసయింది లే. ఆ యప్పుడు నేను గంట డబ్బులు తీసుకోలే."

ఆ మార్కుల పేజీ మహా అయితే 10 కేబీ ఉంటుంది. ఇప్పుడు నా లైన్‌లో దానికి సెకనులో రెండున్నర వేల వంతు చాలు.

మీరు చెక్ చేసుకోవాల్సినవి

1. వైర్ పెట్టి, వైఫై ఆపి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. వైర్ మీద బాగా వచ్చి వైఫైలో రాకపోతే తప్పు లైన్‌ది కాదు.
2. లింక్ స్పీడ్ చూడండి. విండోస్‌లో అయితే నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. 100/100 అని ఉంటే కేబుల్, కనెక్టర్, రూటర్ పోర్ట్ ఈ మూడిట్లో ఒకటి కారణం. కొన్ని చవక రూటర్లకి పోర్ట్‌లే 100వి ఉంటాయి, కొనేముందు అడగండి.
3. కొత్త కేబుల్ అయితే క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 చాలు. గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా రెండూ సరిపోతాయి.
4. ప్లాన్ తీసుకునేటప్పుడు అప్‌లోడ్ ఎంతో విడిగా అడగండి.
5. పింగ్‌ని రెండుసార్లు కొలవండి: నెట్ ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, పెద్ద ఫైల్ అప్‌లోడ్ అవుతుండగా ఒకసారి. రెండోది వందల్లోకి పోతే రూటర్‌లో లిమిట్ పెట్టండి.
6. కరెంట్ పోయే ఊరైతే స్పీడ్ పెంచే ముందు మినీ యూపీఎస్ కొనండి.

ట్రయల్ అయిపోయింది. మూడు నెలలకి ఓకే వచ్చింది. అమ్మ ఆపరేషన్ వచ్చే వారం. గుర్రాల పరుగు వీడియో దాదాపు తొమ్మిది నిమిషాల్లో అప్‌లోడ్ అయి చుట్టాలందరికీ చేరింది. మోడెమ్‌ని మళ్లీ అటక ఎక్కిద్దామంటే చిన్నాయన ఒప్పుకోలేదు. ఇప్పుడది హాల్‌లో, కొత్త రూటర్ పక్కనే ఉంది. ప్లగ్ మాత్రం పెట్టలేదు.